తల తిప్పితే కళ్లు తిరుగుతున్నాయి: డీకంప్రెషనా, ఫ్యూజనా?

ప్రశ్న: తల పూర్తిగా ఎడమకి తిప్పితే కొన్ని సెకన్లలో కళ్లు తిరిగి చూపు మసకబారుతోంది. తిన్నగా పెడితే తగ్గిపోతోంది. మెడ వెన్నుపూసల గుండా మెదడుకు రక్తం తీసుకెళ్లే వెర్టిబ్రల్ ఆర్టరీ నొక్కుకుంటోందన్నారు. ఒక సర్జన్ డీకంప్రెషన్ (నాళం మీద ఒత్తిడి తీసేయడం) చాలంటున్నారు, ఇంకొకరు సి1–సి2 ఫ్యూజన్ (మెడలోని పై రెండు వెన్నుపూసలను కలిపి అతికించడం) అంటున్నారు. ఎవరి మాట వినాలండీ?

జవాబు 1: ముందు ఒక్క మాట చెప్పండి, తల తిప్పి ఉంచి తీసిన యాంజియోగ్రామ్ ఉందా? మామూలు స్కాన్‌లో తల తిన్నగా ఉంటుంది, నాళం తెరుచుకునే కనిపిస్తుంది. డైనమిక్ డి.ఎస్.ఏ. అనే రక్తనాళాల ఎక్స్‌రే పరీక్షలో తల తిన్నగా ఒకసారి, తిప్పి ఒకసారి డై ఎక్కించి చూస్తారు. ఏ ఎముక దగ్గర ఆగుతోందో అందులోనే తేలుతుంది. ఎడమకి తిప్పినప్పుడు కుడి నాళం మూసుకుంటే చాలావరకు సి1–సి2 దగ్గరే. తిప్పిన వైపు నాళమే మూసుకుంటే కింది వెన్నుపూసల్లో పెరిగిన ఎముక మొనను అనుమానించాలి.

రెండోవైపు నాళం ఎలా ఉందన్నదీ అంతే ముఖ్యం. అది బాగుంటే ఒకటి నొక్కుకున్నా చాలామందికి ఏమీ తెలియదు. పుట్టుకతో సన్నగా ఉంటేనో, రెండు వెర్టిబ్రల్ నాళాలూ కలిసి ఏర్పడే బేసిలార్ ఆర్టరీని కలవకుండానే ముగిసిపోతేనో కళ్లు తిరుగుతాయి.

జవాబు 2: చెవి సమస్య కాదని కూడా తేల్చుకోండి, అదే ఎక్కువమందిలో ఉంటుంది. తిరిగే కుర్చీలో తల, ఒళ్లు కలిపి తిప్పితే మెడ మెలిపడదు. అప్పుడూ కళ్లు తిరిగితే మెడను తప్పుపట్టలేం. ఈ పరీక్ష డాక్టరు ఎదుటే చేయించుకోండి. ఇంట్లో పదేపదే తల తిప్పి చూడకండి, స్ట్రోక్ రావచ్చు.

ప్రశ్న: సి1–సి2 అనే తేలింది. ఫ్యూజన్ చేస్తే మెడ తిరగదా?

జవాబు 1: మెడ తిరుగుడులో దాదాపు సగం ఆ ఒక్క కీలుదే. ఫ్యూజన్‌తో ఆ సగం పోతుంది, కానీ నాళాన్ని మెలిపెట్టే కదలికే ఆగిపోతుంది. డీకంప్రెషన్‌లో సి1 రంధ్రం వెనుక గోడ తీసేసి, నాళాన్ని పట్టి ఉంచిన నారపొరలు విడదీస్తారు. మెడ కదలిక మిగులుతుంది. అయితే మెలిక అలాగే ఉంటుంది గనుక కొందరిలో నాళం మళ్లీ నొక్కుకుంటుంది. కీలు వదులుగా లేకపోతే ముందు డీకంప్రెషన్, అది చాలకపోతేనే ఫ్యూజన్ అన్నది నా అభిప్రాయం. కుట్లు వేసేముందు తల తిప్పి రక్తప్రవాహం చూస్తారా అని సర్జన్‌గారిని తప్పక అడగండి.

జవాబు 3: ఫ్యూజన్ అయితే స్క్రూ దారిలో నాళం అడ్డొస్తుందేమో సి.టి.లో ముందే చూడాలి. నాళం చుట్టూ ఉండే సిరల వల నుంచి రక్తం బాగా పోవచ్చు. సి2 నరం దెబ్బతింటే తల వెనుక తిమ్మిరి మిగులుతుంది. పొగతాగితే ఎముక సరిగా అతుక్కోకపోవచ్చు, ముందే మానాలి.

ప్రశ్న: ఆపరేషన్ దాకా ఏం చేయాలి?

జవాబు 2: వెనక్కి చూడాలంటే ఒళ్లంతా తిప్పండి. నిచ్చెనలు ఎక్కకండి, డ్రైవింగ్ వద్దు, మెడ విరిపించుకోవడం అసలే వద్దు. తల తిన్నగా పెట్టినా మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, ఒకవైపు చేయి పడిపోవడం తగ్గకపోతే క్షణం ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.