వెన్నుపాముకి దెబ్బ తగిలినవాళ్లు డాక్టరుకి చూపించకుండా వ్యాయామం మొదలెట్టొచ్చా?

గాజువాక తమ్ముడు:
బైక్ ప్రమాదంలో మా అన్నయ్య వెన్నుపాముకి టీ4 (ఛాతీ భాగంలో నాలుగో పూస) దగ్గర దెబ్బ తగిలింది. ఇప్పుడు వీల్‌చైర్. పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్లు ఆపేసే టైములో చైర్ తోసుకుంటూ వ్యాయామం చేస్తానంటున్నాడు. డాక్టరుకి చూపించాకే అని అమ్మ పట్టు. ఎవరి మాట వినాలి?

ఎంవీపీ చక్రాలు:
వెళ్లనివ్వు తమ్ముడూ. నాదీ చైరే. ఇంట్లో కూర్చోబెడితే చేతుల్లో బలం పోతుంది, షుగరు, గుండె జబ్బు దగ్గరకొస్తాయి. "ముందు చూపిద్దాం" అంటూ ఏళ్లు గడిపేసినవాళ్లని చాలామందిని చూశాను.

సీతమ్మధార ఫిజియో:
వ్యాయామం కావాల్సిందే. కానీ టీ4 అన్నారు, అక్కడే నా భయం. టీ6 దగ్గర గానీ ఆ పైన గానీ దెబ్బ తగిలినవాళ్లకి మూత్రాశయం నిండినా, మూత్రం బయటికి తెచ్చే కేథటర్ గొట్టం మెలిపడినా, బెల్టు బిగిసినా బీపీ ఒక్కసారిగా ఎగబాకొచ్చు. తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడడం, దెబ్బ తగిలిన చోటికి పైభాగంలో చెమటలు. ఆటోనోమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. వీళ్లలో చాలామందికి మామూలు పై బీపీ 90-110 మధ్యే ఉంటుంది. 140 చూసి బానే ఉందనుకోకండి. అప్పుడు పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి దించి, బిగుతుగా ఉన్నవి వదులు చేసి, గొట్టం చూడాలి. తగ్గకపోతే వెంటనే ఎమర్జెన్సీకి.

ఎంవీపీ చక్రాలు:
ఇవన్నీ చదివాక ఎవరైనా గుమ్మం దాటతారా మేడం?

సీతమ్మధార ఫిజియో:
దాటాలనే చెప్తున్నా అన్నా. ఒక్కసారి చూపించుకోమన్నా, ఏడాది ఆగమనలేదు. 2018 నాటి అంతర్జాతీయ సూచనల్లో కనీసం అడిగింది వారానికి రెండుసార్లు 20 నిమిషాలు ఒళ్లు అలిసేలా, రెండుసార్లు కండబలానికి. కొత్తవాళ్లు ఇంకా తక్కువతో మొదలెట్టొచ్చు. నాడి లెక్క నమ్మొద్దు, అంత పైన దెబ్బ తగిలితే గుండె వేగం పెద్దగా పెరగకపోవచ్చు. ఆయాసంలో మాట్లాడగలుగుతున్నాడో లేదో చూడండి. పైగా మన వైజాగ్ ఉక్కపోత. దెబ్బ తగిలిన చోటికి కింద చెమట సరిగా పట్టదు, ఒంటి వేడి దిగదు. ఎండెక్కకముందే ముగించి, తడిగుడ్డ, నీళ్లు దగ్గరుంచుకోవాలి.

ఎంవీపీ చక్రాలు:
వేడి మాట నిజం, మే నెలలో ఎండెక్కాక నేనే బయటికి రాను. కానీ ఇంట్లో రబ్బరు బ్యాండుతో చేతులు ఆడించడానికీ అనుమతి కావాలంటే ఒప్పుకోను.

గాజువాక తమ్ముడు:
నేను అన్నయ్యని, తమ్ముడి ఫోన్లోంచి రాస్తున్నా. మేడం, గొట్టం మెలిపడినప్పుడల్లా నాకు అలాంటి తలనొప్పే వస్తోంది. సరిచేస్తే పోతుంది. ఎండ వల్లనుకున్నాం.

సీతమ్మధార ఫిజియో:
అయితే బాబూ, బీచ్ రోడ్డూ బ్యాండూ రెండూ ఆపి ఈ వారమే డాక్టరుకి ఈ మాట చెప్పండి. మామూలప్పుడు బీపీ ఎంతో, నొప్పి వచ్చినప్పుడు ఎంతో రాసుకుని తీసుకెళ్లండి.