జపాన్ వెళ్తున్నవాళ్లకి: మొదటిసారి భూకంపం వస్తే ఏం చేయాలి?

తార్నాక_అమ్మ:
అమ్మాయి వచ్చే నెల ఉద్యోగానికి టోక్యో వెళ్తోంది. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 భూకంపం వస్తే ఇక్కడ హైదరాబాద్‌లో కూడా జనం ఇళ్లలోంచి బయటికి వచ్చేశారు. అక్కడా అలాగే చేయాలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

సెందాయ్_తెలుగు:
వద్దండి. ఊగుతున్నంతసేపూ పరిగెత్తొద్దని గట్టిగా చెప్పండి. దెబ్బలు ఎక్కువగా తగిలేది పైనుంచి పడే వస్తువులతో, పగిలిన గాజుతో. ఉన్నచోటే మోకాళ్ల మీదికి వంగి టేబుల్ కిందికి దూరాలి. ఒక చేత్తో తల, మెడ కప్పుకుని రెండో చేత్తో టేబుల్ కాలు పట్టుకోవాలి. ఊపుకి టేబుల్ జరిగిపోతుంది, పట్టుకుంటేనే దాంతోపాటు మనమూ జరుగుతాం. మంచం మీద ఉంటే దిగకుండా బోర్లా పడుకుని తల మీద దిండు పెట్టుకోవాలి. ఊపు ఆగగానే తలుపు తీసి, మూసుకుపోకుండా ఏదైనా అడ్డం పెట్టాలి. చట్రం వంకరపోయిందంటే తర్వాత ఎంత లాగినా తెరుచుకోదు. మంచం పక్కన చెప్పులు, టార్చి ఎప్పుడూ ఉండాలి. చీకట్లో గాజు పెంకుల మీద నడిచారంటే కాళ్లు తెగుతాయి.

చిక్కడపల్లి_తాత:
గుమ్మం కింద నిలబడితే క్షేమం అంటారు కదా?

ఇటుక_సిమెంటు:
అది మట్టిగోడల ఇళ్ల నాటి మాట తాతగారూ. ఇప్పటి ఇళ్లలో గుమ్మానికి ప్రత్యేకంగా బలమేమీ ఉండదు, పైగా తలుపు కొట్టుకుని వేళ్లు నలుగుతాయి.

అమ్మగారూ, ఫ్లాట్ అద్దెకి తీసుకునేటప్పుడు ఒక్కటి మాత్రం తప్పకుండా అడగమనండి. జపాన్‌లో 1981 జూన్‌లో కొత్త భూకంప నిబంధనలు వచ్చాయి. చూడాల్సింది కట్టడం పూర్తయిన తేదీ కాదు, అనుమతి తేదీ. 1982లో పూర్తయినా పాత నిబంధనల కింద అనుమతి పొందినవి ఉంటాయి. మన దగ్గర కింద అంతా పార్కింగ్ వదిలేసి స్తంభాల మీద లేపే అపార్ట్‌మెంట్లు వేరే సంగతి. పైన గోడలు, కింద ఒట్టి స్తంభాలు కావడంతో ఊపంతా ఆ ఒక్క అంతస్తు మీదే పడుతుంది. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో అలాంటివే కూలాయి.

పాతికో అంతస్తులో ఉంటే నేల ఆగాక కూడా భవనం నిమిషాల తరబడి మెల్లగా ఊగుతూనే ఉంటుంది. దాని నిర్మాణమే అంత, భయపడి మెట్లు దిగాల్సిన పని లేదు.

సెందాయ్_తెలుగు:
లిఫ్ట్‌లో ఉంటే అన్ని అంతస్తుల బటన్లూ నొక్కి, ఎక్కడ ఆగితే అక్కడ దిగిపోవాలి.

గ్యాస్ సంగతి కొత్తవాళ్లకి తెలియదు. తీవ్రత షిందో స్కేలు మీద (ఉన్నచోట ఊపు ఎంత గట్టిగా ఉందో చెప్పే జపాన్ కొలత, ములుగు 5.3 లాంటి లెక్క కాదు) సుమారు 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మీటరే గ్యాస్ ఆపేస్తుంది. అది చూసి స్టవ్ పాడైందనుకుంటారు. ముందు వాసన చూడాలి. వాసన వస్తే కిటికీలు తీసి, ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికొచ్చి కంపెనీకి ఫోన్ చేయాలి. రాకపోతే స్టవ్, గీజర్ అన్నీ కట్టేసి, మీటర్ మీద మూత తీసి బటన్ నొక్కి వదలాలి. ఎర్రదీపం మిణుకుతుంది. 3 నిమిషాలు గ్యాస్ వాడకుండా ఆగాలి, ఈలోగా మీటర్ లీకు ఉందేమో చూసుకుంటుంది. ఆ తర్వాతా దీపం ఆరకపోతే మళ్లీ నొక్కొద్దు, కంపెనీవాళ్లని పిలవాలి.

నీళ్లు మనిషికి రోజుకి 3 లీటర్లు, కనీసం 3 రోజులకి. అంటే 2 లీటర్ల సీసాలు 5 కొని పెట్టుకుంటే సరి. సముద్రం దగ్గర ఉండగా గట్టిగా గానీ చాలాసేపు గానీ ఊగితే, సునామీ సైరన్ కోసం చూడకుండా ఎత్తుకి వెళ్లిపోవాలి.

అలల_లెక్క:
ఫోన్‌లో అలారం మోగినా కొన్ని సెకన్లే దొరుకుతాయి. భూమిలోంచి ముందొచ్చే చిన్న ప్రకంపన అల సెకనుకి 6-7 కిలోమీటర్లు వెళ్తుంది, అసలు ఊపు తెచ్చేది 3-4 కిలోమీటర్లే. ఆ తేడాయే మనకి దొరికే సమయం. కేంద్రం మన కిందే ఉంటే అలారం కన్నా ఊపే ముందొస్తుంది, కాబట్టి అలారాన్నే నమ్ముకోవద్దు. భూకంప హెచ్చరికలిచ్చే సేఫ్టీ టిప్స్ ఆప్ మాత్రం వెళ్లగానే వేసుకోమనండి.

తార్నాక_అమ్మ:
ఫోన్ కలవకపోతే మాకెలా తెలుస్తుందండీ?

సెందాయ్_తెలుగు:
పెద్ద భూకంపం రాగానే లైన్లు కిక్కిరిసిపోతాయి, మీరు ఊరికే చేస్తూ ఉంటే ఇంకా బిగుసుకుంటాయి. ఒక్క వాట్సాప్ మెసేజ్ పెట్టి ఆగండి. అక్కడ విపత్తు వేళ కబురు పెట్టే 171 నంబర్‌కి చేసి 1 నొక్కితే 30 సెకన్ల కబురు రికార్డు చేయొచ్చు, 2 నొక్కితే వినొచ్చు. హైదరాబాద్‌లో ఉన్న మీకు అలాంటిదే ఇంటర్నెట్‌లో ఉండే వెబ్171 పేజీ నయం. అమ్మాయి జపాన్ నంబర్ కొడితే ఆమె పెట్టిన కబురు కనిపిస్తుంది. మామూలు రోజుల్లో తెరుచుకోదు గానీ, ప్రతి నెలా 1, 15 తేదీల్లో అభ్యాసానికి తెరుస్తారు. ఆమెకి అక్కడి నంబర్ రాగానే వచ్చే 1నో 15నో ఇద్దరూ ఒకసారి చేసి చూడండి.