చెరువు బాగుకు జెఫ్ గ్రాంటు: ఎఫ్‌సీఆర్‌ఏ తప్పనిసరా?

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు. మా చెరువుకు నీళ్లొచ్చే కాలువ నిండా సర్కారు తుమ్మ, తూము దగ్గర మోకాలి లోతు పూడిక, పెద్ద వాన పడ్డా నీళ్లు నిలవట్లేదు, చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

1992 నుంచి నడుస్తున్న జెఫ్ (పర్యావరణ పనులకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి, గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ) స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రాం ఊరి సంఘాలకే సాయం చేస్తుందని తెలిసి రైతులమంతా దరఖాస్తు పెడదామనుకున్నాం. ఒక కన్సల్టెంటేమో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ లేకుంటే పైసా రాదంటున్నాడు. ఆ రిజిస్ట్రేషన్‌కు సంఘం పెట్టి మూడేళ్లు కావాలి, మా సొసైటీకి ఇంకా మూడేళ్లు నిండలేదు, అందుకే టెన్షన్. కానీ 2010 నాటి ఈ చట్టం ప్రకారం ఐక్యరాజ్యసమితి, ప్రపంచ బ్యాంకు విదేశీ మూలం కిందికి రావు కదా! మరి ఈ ప్రోగ్రాంను అమలు చేసే యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం) డబ్బు మధ్యలో ఇంకో సంస్థ చేతుల మీదుగా వస్తే ఆ మినహాయింపు మాకు వర్తిస్తుందా? ఈ గ్రాంటు తీసుకున్నవాళ్లెవరైనా ఉంటే, మీ దగ్గర ఏ కాగితాలు అడిగారో దయచేసి చెప్పండి.