అరకు ఘాట్ మీద సొంత కార్లకు పరిమితి పెట్టాలా, వద్దా?

గాలికొండ_గాలి (విశాఖపట్నం):
డిసెంబరులో ఒక ఆదివారం పిల్లలతో అరకు బయల్దేరాం. ఘాట్ కింద ఎస్.కోట దాకా హాయిగా వెళ్లాం. అనంతగిరి దాటాక గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర బండి ఆగింది, ఇక కదల్లేదు. రెండున్నర గంటలు! రోడ్డుకు రెండు పక్కలా కార్లు, ఒక్కరూ ఇంజిన్ ఆపరు. చల్లగాలి కోసం అద్దం దించితే డీజిల్ పొగ.

ఊటీ, కొడైకెనాల్‌లలో మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ పెట్టారు, అంటే కారు కొండెక్కాలంటే ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. మొదట్లో అడిగినవాళ్లందరికీ ఇచ్చారు, ఎన్ని బండ్లు వస్తున్నాయో తేలడానికి. 2025 ఎండాకాలంలో మాత్రం ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకు మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 బండ్లే అన్నారు. కొడైకెనాల్‌కు 4,000, 6,000. ప్రభుత్వ బస్సులకు, స్థానికుల బండ్లకు పరిమితి పెట్టలేదు. మనకూ డిసెంబరు, జనవరి వారాంతాల్లో ఇలాంటిది ఉండాలని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి, తిట్లు వద్దు.

చార్మినార్_చాయ్ (హైదరాబాద్):
నేను కాదంటాను. మా ఇంట్లో ఆరుగురం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పాపకు ఇంకా ఏడాది నిండలేదు. మీరు వైజాగ్ వాళ్లు, ఈ వారం కాకపోతే వచ్చే వారం వెళ్తారు. మాకు దొరికేవే ఆ నాలుగు సెలవులు. పాస్ దొరకలేదని వైజాగ్‌లో రూమ్‌లో కూర్చోవాలా? పాసులంటే ఏమవుతుందో తెలిసిందే: పరిచయాలున్నవాళ్లకు ముందు, ఆన్‌లైన్ చేతకానివాళ్లకు చివర. ముందు రెండు పెద్ద పార్కింగులు కట్టమనండి.

లెక్కల_పంతులు:
పొగ గురించే అయితే ఓ చిన్న లెక్క. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. విశాఖ నుంచి అరకు రానుపోను 230 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే కారైతే 15 లీటర్లు, అంటే 35 కిలోలు. హైదరాబాదు నుంచే కారులో వస్తే రానుపోను దాదాపు 1,470 కిలోమీటర్లు, 98 లీటర్లు, 225 కిలోలు. ఘాట్ కింద కారు ఆపితే ఇందులో ఆరో వంతు కూడా తగ్గదు. పొగంతా సూర్యాపేట, రాజమండ్రి మీదుగా వచ్చేటప్పుడే వదిలేశారు. చాయ్ గారు రాత్రి రైల్లో విశాఖ వచ్చి ఇక్కడ టాక్సీ మాట్లాడుకుంటే, ఏ ఈ-పాసూ చేయలేని మేలు చేసినట్టు. అలాగని ఆయన్నే అనను. ఆరుగురు ఒకే కారులో వస్తున్నారు, ఇద్దరికో కారు వేసుకొచ్చేవాళ్ల కంటే చాలా నయం.

గాలికొండ_గాలి:
మాస్టారూ, నా బాధ భూగోళం గురించి కాదండీ, ఆ ఒక్క రోడ్డు గురించి. పేషెంటుతో అంబులెన్సు దిగాల్సిందీ ఆ రోడ్డునే. చాయ్ గారూ, కొండ తవ్వకుండా పార్కింగ్ ఎక్కడ కడతారు?

కిరండోల్_కిటికీ:
రైలుండగా ఈ గొడవెందుకండీ! ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖకు దించడానికి 1960ల్లో వేసిన లైను, ఇప్పుడు కరెంటు బండి. ఈ లైను మీద 58 సొరంగాలు. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా ఉంది.

కానీ రైలు అభిమానిగా ఒక నిజం ఒప్పుకోవాలి. ప్యాసింజరు పొద్దున ఏడు లోపు విశాఖలో బయల్దేరి పదకొండు ప్రాంతాన దింపుతుంది. మధ్యాహ్నమే తిరుగు బండి. ఈలోపు అరకు చూడాలంటే పరుగే. సెలవుల్లో జనరల్ పెట్టెలో కాలు పెట్టలేం. రాత్రి ఎక్స్‌ప్రెస్ ఉంది గానీ చీకట్లో ఏం చూస్తాం? కార్లు ఆపే ముందు సాయంత్రం ఆరింటికి అరకులో బయల్దేరే బండి ఒకటి వేయమనండి.

జీపు_స్టాండ్ (అరకులోయ):
నేను ఇక్కడ జీపు తోలుతాను, నా మాటా వినండి. రైలు దిగినవాళ్లు నా జీపు ఎక్కుతారు, ఇక్కడే బొంగులో చికెన్ తింటారు, రాత్రి ఉంటే గది తీసుకుంటారు. కారులో వచ్చినవాళ్లు బిర్యానీ పొట్లాలు, నీళ్ల సీసాలు కిందే కొని తెచ్చుకుంటారు. మాకు మిగిలేవి ఖాళీ సీసాలు. ఫొటో కోసం వలిసె చేలో దిగి తొక్కేస్తారు. మా పిన్ని మనిషికి ఇరవై రూపాయలు అడిగితే ప్రకృతికి టికెట్టేమిటని తగువు. అది ప్రకృతి కాదు సార్, పంట. నూనె గింజలు.

కార్లు తగ్గితే నాకు నష్టం లేదు. నా భయం వేరే. పాస్ పెట్టాక, కింద నుంచి ఎవరో టూరిస్టు బస్సుల టెండరు పట్టుకుంటారు. వాళ్ల బస్సు, వాళ్ల గైడు, వాళ్ల హోటలు. పైన తిరిగే బండ్లు మావాళ్లవే అని ముందే రాసివ్వాలి. లేకపోతే ఈ ట్రాఫిక్ జామే నయం, కనీసం మొక్కజొన్న పొత్తులైనా అమ్ముడవుతాయి.

చార్మినార్_చాయ్:
జీపు అన్నా, నేనూ బిర్యానీ తెచ్చినవాణ్ణే, ఒప్పుకుంటున్నా. మరి ఆరుగురికి నీ జీపు ఎంత? డిసెంబరులో ఒక రేటు, జూన్‌లో ఒక రేటు అంటే మళ్లీ నా కారే మేలు.

జీపు_స్టాండ్:
సీజన్లో మాలో కొందరు నోటికొచ్చినంత అడుగుతారు, కాదనను. రేటు బోర్డు పెట్టమని మేమే అడుగుతున్నాం, ఇంకా పడలేదు.

లెక్కల_పంతులు:
మహారాష్ట్రలో మాథెరాన్ ఉంది. దస్తూరి దగ్గరే కార్లు ఆపేస్తారు, అక్కడి నుంచి నడక, గుర్రం, బుల్లి రైలు. కానీ అది కొండ మీద ఊరు, దారి అక్కడితో ఆఖరు. అరకు రోడ్డు ఒడిశా దాకా పోతుంది, మధ్యలో ఎన్నో ఊళ్లు. పైగా ఎస్.కోట దగ్గర గేటు పెడితే సగం కార్లు పాడేరు మీదుగా తిరిగి వస్తాయి. అప్పుడు వంజంగి కొండ కింద ఇంకో జామ్. గేటు ఎక్కడ పెడతారో ముందు చెప్పండి.

గాలికొండ_గాలి:
పాడేరు దారి నాకు తట్టలేదు మాస్టారూ, అక్కడ దొరికిపోయాను. రెండు దారుల్లోనూ గేటు పెట్టాలి, జీపు స్టాండు వాళ్లతో రేటు ముందే ఖాయం చేసుకోవాలి. అంత పని ఎవరు చేస్తారో నాకూ తెలీదు. అయినా నేను పరిమితి వైపే. జనవరిలో రైల్లోనే వస్తున్నాం, నలుగురం. జీపు తమ్ముడూ, చాపరాయి, మాడగడ తిప్పడానికి ఎంతో ఇక్కడే అందరి ముందూ చెప్పెయ్.