అప్‌డేట్: ఫాస్ట్ అనేది అడ్జెక్టివా, అడ్వర్బా అని అడిగింది నేనే

పోయినవారం ఇంగ్లీషు గ్రామర్‌లో రెండు డౌట్లు అడిగాను కదా, మొదటిది ఫాస్ట్ గురించి. 'ఎ ఫాస్ట్ ట్రెయిన్', 'షి రన్స్ ఫాస్ట్' రెండింటిలోనూ ఫాస్ట్ అడ్జెక్టివ్ అని రాస్తే మా వాడికి ఒకటి తప్పు కొట్టారని గోల పెట్టాను. తప్పు మాదేనండీ. మాటను విడిగా పట్టుకుని పేరు పెట్టకూడదు, వాక్యంలో ఏ పని చేస్తోందో చూడాలి. 'ఎ ఫాస్ట్ ట్రెయిన్'లో ట్రెయిన్ అనే నౌన్ ఎలాంటిదో చెబుతోంది, అడ్జెక్టివ్. 'షి రన్స్ ఫాస్ట్'లో ఎలా పరిగెడుతోందో చెబుతోంది, అడ్వర్బ్. చివర ఎల్‌వై ఉంటేనే అడ్వర్బ్ అనుకుంటూ ఇన్నాళ్లూ లాక్కొచ్చాను, ఫ్రెండ్లీ అడ్జెక్టివ్ అని తెలిశాక ఆ నమ్మకం కూడా పోయింది.

రెండోది 'కుడ్ యు క్లోజ్ ద డోర్?' ఇంపరేటివా (ఆజ్ఞ చెప్పే వాక్యం), ఇంటరాగేటివా (ప్రశ్న అడిగే వాక్యం) అని. రూపాన్ని బట్టి ఇంటరాగేటివే, కానీ అందులో ఉన్నది అభ్యర్థన. 'క్లోజ్ ద డోర్' అంటేనే ఇంపరేటివ్, అక్కడ 'యు' పైకి కనిపించదు. మనం 'కాస్త తలుపు వేస్తావా?' అన్నా ఇంతేగా, 'ఆ, వేస్తాను' అనేసి కదలకుండా కూర్చుంటే ఎలా ఉంటుంది! (మా వాడు సరిగ్గా అదే చేశాడు.)

సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ అనేవి వాక్యాలను క్లాజులను (క్రియ ఉండే భాగాలను) బట్టి చేసే వేరే విభజనట, వాటి జోలికి ఇంకా పోలేదు.