జీవుడు భగవంతుని అంశమా, ‘అంశం వంటివాడా’?

శేషవృత్తి (ముక్తిలోనూ జీవుడు జీవుడుగానే ఉంటాడనే విశిష్టాద్వైతి): గీత 15వ అధ్యాయం 7వ శ్లోకంలో ‘మమైవాంశో జీవలోకే జీవభూతః సనాతనః’ అని ఉంది. జీవుడు నా అంశమే, సనాతనుడు అని భగవంతుడే చెప్పగా, అవిద్యతో (అజ్ఞానంతో) పాటే జీవత్వమూ పోతుందని అద్వైతులు ఎలా అంటారు?

నిర్గుణి (జీవుడూ బ్రహ్మమూ ఒకటేననే అద్వైతి): అవయవాలు లేని బ్రహ్మానికి ముక్కలుండవు కనుక, బ్రహ్మసూత్రాల్లోని ‘అంశ’ శబ్దానికి శంకరులు ‘అంశం వంటిది’ అని అర్థం చెప్పారు. గీతాభాష్యంలోనూ నీటిలోని సూర్యుణ్ణే ఉదాహరించారు: నీరు తొలగితే ప్రతిబింబం సూర్యునిలోకే చేరుతుంది. సనాతనుడు సూర్యుడే, ప్రతిబింబం కాదు.

శేషవృత్తి: ‘వంటిది’ అనడానికి కావలసిన ‘ఇవ’ ఆ శ్లోకంలో లేదు. గాలి వాసనలను మోసుకుపోయినట్లు జీవుడు ఇంద్రియాలను వెంట తీసుకుపోతాడని చెప్పే మరుసటి శ్లోకంలో మాత్రం ‘గంధానివ’ అని స్పష్టంగా ఉంది. అక్కడ గుర్తున్న పదం ఇక్కడ మరపునకు వచ్చిందా?

నిర్గుణి: 13వ అధ్యాయంలో ‘అవిభక్తం చ భూతేషు విభక్తమివ చ స్థితమ్’ అన్నారు కదా. విభజన తోచడమే తప్ప నిజం కాదని ఒకసారి చెప్పినవారు ప్రతిచోటా ‘ఇవ’ చేర్చనక్కరలేదు.



శేషవృత్తి: 13వ అధ్యాయంలోని ఆ ప్రకరణాన్ని మా ఆచార్యులు రామానుజులు బ్రహ్మపరంగా కాక శుద్ధ జీవస్వరూపపరంగా వ్యాఖ్యానించారు. మీ ‘ఇవ’ మాకు అడ్డు రాదు.

నిర్గుణి: మీరు శ్లోకం చదవడం లేదు, ముందే కుదుర్చుకున్న సిద్ధాంతానికి సాక్ష్యం వెతుకుతున్నారు.

శేషవృత్తి: ఔను, వెతుకుతున్నాను. మా అమ్మ పోయిన నాడు ఒక పెద్దమనిషి, ‘పోయింది ఉపాధి (దేహం వంటి పైతొడుగు) మాత్రమే, ఎవరి కోసం ఏడుస్తావు?’ అన్నారు. నన్ను పేరు పెట్టి పిలిచిన ఆమె ఉపాధి మాత్రమే అయితే, మిగిలిన నిత్యవస్తువుతో నాకేమి బంధుత్వం? ఆమె ఆమెగానే ఉండాలని కోరడం అజ్ఞానమా?

నిర్గుణి: ఆ మాట ఆ సమయంలో అనదగినది కాదు. అయితే నా సంగతీ వినండి. ఇదే భయం, ఇదే అసూయ, ఇదే పశ్చాత్తాపం గల ‘నేను’ను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇది ఎన్నటికీ తీరదని మీరు శ్లోకం చూపించినప్పుడు నాకు శిక్ష చదివి వినిపించినట్లుంటుంది.

శేషవృత్తి: ముక్తునికి ఆ భయమూ అసూయా ఉంటాయని మేమెన్నడూ చెప్పలేదు. కర్మ వల్ల వచ్చినవి కర్మతోనే పోతాయి. భగవంతుణ్ణి ఎరిగి ఆనందించేవాడు మాత్రం మిగులుతాడు.

నిర్గుణి: అవన్నీ పోయాక మిగిలినవాణ్ణి మీ అమ్మగా మీరు దేనితో గుర్తుపడతారు?

శేషవృత్తి: దానికి నా దగ్గర సమాధానం లేదు. అయినా 7వ శ్లోకంలో ‘ఇవ’ లేదు.