అప్‌డేట్: హన్‌బోక్ పావడా ఒక కొలిక్కి వచ్చింది

కొరియా సంప్రదాయ హన్‌బోక్ ధరించిన స్త్రీని నీటిరంగుల్లో వేస్తుంటే పావడా మరీ బరువుగా వస్తోందని అడిగాను కదా. పాతకాలపు కొరియా చిత్రకారుడు షిన్ యున్‌బోక్ వేసిన ‘మిఇన్‌దో’ (అందగత్తె చిత్రం) చూడమన్నవారికి వందనాలు! సియోల్‌లోని కన్‌సాంగ్ మ్యూజియం సేకరణలో ఉన్న ఈ బొమ్మను పట్టుమీద వేశారు. పొట్టి, బిగుతు జొగోరి (హన్‌బోక్ పైచొక్కా) కింద పావడా ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు తెచ్చేది ముదురు నీడలు కాదు, మడతల సన్నని గీతలే. జోసన్ రాజవంశ కాలపు కొరియా రూపచిత్రాల్లో పట్టు వెనకవైపు నుంచి కూడా రంగు పూసేవారు. ఆ చిత్రాల్లోని మెత్తదనం అలా వచ్చిందే. మందపాటి నీటిరంగుల కాగితంపై అది కుదరదు కాబట్టి, ఒక్కో పలుచని పొర పూర్తిగా ఆరాకే తర్వాతిది వేశాను. పావడా తేలికపడింది. నడుముకు వేలాడే నోరిగే (హన్‌బోక్‌కు తగిలించే ఆభరణం) కుచ్చు మాత్రం ఇంకా చీపురులాగే ఉంది. దానికి ఏ కుంచె మంచిది?